కాసమ్మ అడిగిన కప్పు

దిబ్బలపేట కాసమ్మ గొంతు సంగతి బరంపురం బడబజారులో ఎవరినడిగినా చెప్తారు. చేపల తట్ట దించి ఒక్క కేక వేసిందంటే, ఎదురు వరసలో బట్టలకొట్టు గుమాస్తా కొలుస్తున్న గుడ్డ లెక్క మరిచిపోయి మళ్ళీ మొదటినుంచి కొలుచుకునేవాడు. "సందువాలో...ఓ! కవ్వళ్ళో...ఓ!" అని ప్రతి మాటకీ తోక సాగదీసేది. మాట మొదలు ఎలా ఉన్నా ఫరవాలేదు, కొస మాత్రం బజారు చివరిదాకా వెళ్ళాలని ఆమె నమ్మకం. చేపలు అలాగే అమ్ముడుపోయేవి కాబట్టి ఆ నమ్మకాన్ని ఎవరూ కాదనలేదు.

ఆమె పుట్టింది సరిహద్దులో గిరిసోల దాటాక వచ్చే ఆంధ్రా పల్లెలో. దాలయ్యను పెళ్ళాడి ఇటు ఒరిస్సా వైపు, గోపాలపురానికి దక్షిణాన ఇసుకదిబ్బల మీదున్న ఈ జాలరిపేటకు కాపురానికొచ్చింది. పేటలో అందరికీ ఇంట్లో తెలుగు, బయట ఒడియా. కాసమ్మకు మాత్రం ఆ రెండూ ఒకే తట్టలో పోసిన చేపల్లా కలిసిపోయాయి. బేరం కుదరకపోతే గొంతు పెంచేది, కుదిరిపోయేది. ఆ పైన ఒడియాతో ఆమెకు పని పడలేదు.

దాలయ్య పూర్తిగా వేరే రకం. పొద్దున్న ఒక మాట మొదలుపెడితే సాయంత్రానికి పూర్తిచేసే మనిషి. పెళ్ళయిన కొత్తలో కాసమ్మ ఆయన్ని మూగవాడేమోనని అనుమానించి, నిద్రలో చెవి దగ్గర కేక వేసి చూసింది. ఆయన లేచి కూచుని, "ఏటి?" అన్నాడు. ఆ తరవాత ఆమెకు దిగులు లేదు.

వాళ్ళది తాటాకు ఇల్లు. వానొస్తే ఆ ఇంట్లో ఎవరి చోటు వాళ్ళకుండేది. కోళ్ళు మంచం మీద, కుండలు చినుకుల కింద, దాలయ్య రెండు ధారల మధ్య రొయ్యలా ముడుచుకుని. గాలి గట్టిగా వీస్తే ఇంటికప్పు సగం లేచి పక్కింటి అమ్మడు పెరట్లో వాలేది. అమ్మడింటి కప్పు మరో ఇంటికి పోయేది. తెల్లారాక ఎవరి ఆకులు ఎవరివని పెద్ద తగువు. ఒకసారి కాసమ్మ తనవే అనుకుని అమ్మడి ఆకులు ఏరి తెచ్చి కప్పుకుంది.

"నా ఇల్లు నీ నెత్తిమీదెట్టుకుని నన్నే తిడతన్నావేటే!" అని అమ్మడు గుమ్మంలో నిలబడి అడిగింది. కాసమ్మ ఆ ఆకులన్నీ దించి తిరిగిచ్చేసింది. ఆమె జీవితంలో అలాంటి రోజులు చాలా తక్కువ.

ఆ కాలంలోనే ఢిల్లీ సర్కారు డబ్బుతో చుట్టుపక్కల పల్లెల్లో పేదలకు సిమెంటు ఇళ్ళు లేవడం మొదలైంది. దిబ్బలపేటకు ఒక్కటీ రాలేదు. పేర్లు రాసుకోవడానికి మనుషులొచ్చిన రోజున మగవాళ్ళంతా సముద్రం మీద, ఆడవాళ్ళంతా బజార్లలో ఉన్నారు. వచ్చినవాళ్ళు ఇసుకలో నడవలేక దిబ్బ అవతలినుంచే తొంగిచూసి, అవి వలలు దాచుకునే పాకలనుకుని వెనక్కి వెళ్ళిపోయారట. ఈ కబురు కులపెద్ద కాసులు మోసుకొచ్చాడు. ఆయన దాలయ్యకు పెదనాన్న.

"రాసిన పేర్లు ఢిల్లీ ఎలిపోనాయట. ఇక మనకి లేవట" అన్నాడు కాసులు.

"ఢిల్లీ కాపోతే బువనేశ్వరం లేదా మావయ్యా?" అంది కాసమ్మ. "మన ఓట్లు ఏయించుకున్నోలు ఆడే గదా ఉన్నారు? ఢిల్లీ డబ్బులు మనకి రాపోతే, ఈల సొంత డబ్బులు తీసి కట్టమనాల. మనం ఈ రాజ్జిం మనుసులం కాదేటి?"

మాట బాగుంది. అంతకంటే ముఖ్యంగా, ఆ మాట అవతల పడవల దగ్గరున్నవాళ్ళకు కూడా వినబడింది. వాళ్ళు అక్కడినుంచే "అవును, అవును" అన్నారు. దాంతో సర్కారును అడిగే పని కాసమ్మ మీద పడింది.

బ్లాకాఫీసులో పెద్ద అధికారి పాణిగ్రాహి బాబు. మంచి మనిషి. బరంపురంలో చదువుకునే రోజుల్లో పుస్తకం కొనుక్కుని తెలుగు నేర్చుకున్నాడు. తెలుగువాళ్ళెవరైనా వస్తే ఒడియాలో మాట్లాడనిచ్చేవాడు కాదు. తన తెలుగు వినేవాళ్ళు దొరకడమే కష్టమన్నట్టు ఎదురెళ్ళి పిలిచేవాడు.

"దయచేయండి. తమకు ఏమి కావలెను?" అన్నాడు కాసమ్మను, కాసులును చూసి.

"మాకు కప్పు నేదు బాబూ" అంది కాసమ్మ.

"లేదా! అయ్యో!" అని ఆయన గంట కొట్టి, ప్యూనుతో టీ తెమ్మన్నాడు.

"ఒక్క కప్పు సాలదు బాబూ. పేటంతటికీ కావాల. ఇంటికో కప్పు."

పాణిగ్రాహి బాబు కాస్త కంగారు పడ్డాడు. "ఇంటికొకటియా? ఇప్పుడు తమ వద్ద ఉన్నవి ఏమైనవి?"

"చిల్లులడిపోనాయి. కారిపోతన్నాయి బాబూ. ఏటి పోసినా నిలబడదు... అదే, ఏటి పడినా ఆగదు."

"మరి ఎట్లు గడుపుచున్నారు?"

"తాటాకుతోనే బాబూ! పొద్దస్తమానం తాటాకే!"

తాటాకు దొన్నెల్లో టీ తాగుతున్న జాలరి కుటుంబాలు ఆయన కళ్ళముందు కదిలాయి. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇంటికో కప్పు ఇవ్వడానికి తన దగ్గర పద్దు లేదని, అయితే దిబ్బలపేటవాళ్ళు ఎప్పుడొచ్చినా ఈ ఆఫీసులో టీ ఉంటుందని మాటిచ్చాడు. కాసమ్మ టీ తాగింది. రెండోది కూడా తాగింది. పంచదార బాగా వేశారు. బస్సెక్కి గోపాలపురం దగ్గరపడ్డాక కాసులు నెమ్మదిగా అడిగాడు.

"కోడలా, ఆ బాబు ఇల్లు అన్నాడేటి ఎక్కడైనా?"

కాసమ్మ ఆలోచించింది. తరవాత నెత్తిన చెయ్యి పెట్టుకుంది. బస్సు దిగేదాకా తియ్యలేదు.

సంగతి విని దాలయ్య నవ్వలేదు. చుట్ట వెలిగించి, చాలాసేపటికి అన్నాడు. "ఒడియాలో అడగాల. కప్పు అంటే ఛాత."

"ఛాత" అంది కాసమ్మ.

"మొదట సాగాల. ఛా...త."

"తెలిసిందిలే" అంది ఆమె. మొదట సాగే మాటలు ఆమె నోటికి కొత్త. మర్నాడు బజారుకు పోతూ దారంతా అభ్యాసం చేసింది. నెత్తిన తట్ట, నోట్లో మాట. బడబజారు చేరేసరికి ఆ మాట కూడా కవ్వళ్ళలాగే తయారైంది. మొదలు కురచబడి, కొస సాగిపోయింది. ఛాత కాస్తా ఛతా అయి కూచుంది. ఒడియాలో ఛతా అంటే గొడుగు.

వేసవి ముదిరాక ఛత్రపురంలో పెద్ద సభ, భువనేశ్వరంనుంచి మంత్రిగారు వస్తున్నారన్నారు. దిబ్బలపేట మొత్తం లారీ మాట్లాడుకుని వెళ్ళింది. మైదానంలో మంత్రిగారికి షామియానా, జనానికి ఎండ. పేటవాళ్ళు ముందు వరసకు తోసుకుపోయారు. కాసమ్మ కొంగు బిగించి, గుండెనిండా గాలి పీల్చింది.

"ఆమకు ఛతా...ఆ!"

"దరకార్!" అన్నారు పేటవాళ్ళు.

మాకు గొడుగులు కావాలి! ఒడియా వచ్చినవాళ్ళంతా అక్కడే ఉండి ఈ తప్పు ఎలా చెయ్యనిచ్చారంటే, అది వల లాగే అలవాటు. వల లాగేటప్పుడు ముందువాడు ఏ కూత వేస్తే వెనకవాళ్ళు దానికి బదులు పలకాల్సిందే. మధ్యలో ఆపి మాట సరిచేస్తే వల జారిపోతుంది. దాలయ్య ఒక్కడూ ఆమె చీరకొంగు లాగాడు. ఎండకి కళ్ళు తిరిగి పట్టుకున్నాడేమోనని ఆమె ఆయన్ని పక్కన కూచోబెట్టి, ఇంకా గట్టిగా అరిచింది.

మంత్రిగారు ప్రసంగం ఆపి చూశారు. మండే ఎండలో, నల్లగా కమిలిన జనం, చెమటలు కారుస్తూ గొడుగులు అడుగుతున్నారు. ఆయన మనసు కరిగింది. రోడ్లు, కాలవలు, ఆనకట్టలు అడిగేవాళ్ళ మధ్య ఇంత చిన్న కోరిక విని ముచ్చట కూడా వేసింది.

"హఉ, హఉ! దేబా!" అన్నారు చేతులెత్తి. ఇస్తామన్నారు.

"ఇత్తారట!" అని కాసమ్మ ఎగిరి గంతేసింది. పేట పేటంతా ఒకళ్ళనొకళ్ళు వాటేసుకుంది. వచ్చేటప్పుడు లారీలో దాలయ్య ఏదో చెప్పబోయాడు గానీ, ఆయన మాట మొదలయ్యేసరికి లారీ ఊరు చేరింది. ఆ సంబరంలో వినేవాళ్ళు కూడా లేరు.

పేటవాళ్ళు పునాదులు తవ్వుకున్నారు. ఇసుకలో తవ్వినకొద్దీ పూడిపోతుంటే మళ్ళీ తవ్వారు. అమ్మడు తన వంటగది ఎటువైపుండాలో పుల్లతో గీసుకుని, ఆ గీత తొక్కినవాళ్ళనల్లా తిట్టింది.

ఒకనాడు దిబ్బ కింద లారీ ఆగింది. గోనెపట్టాలో చుట్టిన పొడుగాటి కట్టలు దింపారు.

"ఇనపసువ్వలు!" అన్నాడు కాసులు, కళ్ళలో నీళ్ళు తిరుగుతుంటే.

పాణిగ్రాహి బాబు స్వయంగా వచ్చాడు. చక్కటి తెలుగులో, ఎండకు వాడిపోవు జాలరి సోదరుల నిమిత్తమై ప్రభుత్వమువారు ఈ కానుక పంపినారని ఉపన్యసించి, మొదటి కట్ట విప్పాడు. నల్లటి గొడుగులు. ఒకటి తీసి, టప్పున విప్పి, కాసమ్మ చేతికిచ్చి చప్పట్లు కొట్టాడు. మరెవరూ కొట్టలేదు. కాసేపటికి అమ్మడు ఒకటి విప్పి, నెత్తిన పెట్టుకుని, గీసుకున్న వంటగదిలోకి నడిచివెళ్ళి నవ్వడం మొదలెట్టింది. ఆ నవ్వు ఆగలేదు.

కాసులు ధైర్యం చేసి, "బాబూ, మాకు ఇల్లు..." అన్నాడు.

"ఒక కోరిక తీరినది గదా! అట్లని వ్రాసి పైకి పంపితిమి. ఇంక మరియొకటి యేల?" అని పాణిగ్రాహి బాబు ఆప్యాయంగా ఆయన భుజం తట్టి వెళ్ళిపోయాడు.

తరవాతి రోజులు కాసమ్మకు చాలా బరువుగా గడిచాయి. పేరే మారిపోయింది. 'గొడుగుల కాసమ్మ' అనేవాళ్ళు. బజారులో తట్ట దించి గొంతెత్తబోతే, ఏం మాట వస్తుందోనని భయమేసి ఊరుకునేది. బట్టలకొట్టు గుమాస్తా ఒక్కసారిలో గుడ్డ కొలిచేస్తున్నాడు. అది చూస్తే ఆమెకు ఇంకా ఏడుపొచ్చింది. ఇంటికొచ్చి గోడవైపు తిరిగి కూచునేది.

"నాను అరిసినాను గాబట్టే ఇలగయింది" అంది మొగుడితో.

దాలయ్య ఆమె పక్కన చేరాడు. "అరిసినావు గాబట్టే ఆ మంత్రికి ఇనబడింది" అన్నాడు. "ఇనబడ్డం అయిపోనాది. ఇక కనబడాల."

ఆయన అంత పొడుగు మాట అనడం ఆమె ఎప్పుడూ వినలేదు. ఆ మాట పట్టుకుని ఆలోచించింది. ఆషాఢం ముసురు పట్టగానే పాణిగ్రాహి బాబును భోజనానికి పిలిచింది, గొడుగులిచ్చినందుకు మర్యాద అని. పేటంతటికీ ఒకటే ఆజ్ఞ. "ఎవులూ ఇల్లూ కప్పూ అనకండి. మాటాడితేనే సెడిపోతంది. వొడ్డించండి, ఊరుకోండి."

బాబు సంతోషంగా వచ్చాడు. కాసమ్మ ఇంట్లో చాప వేసి కూచోబెట్టారు. కప్పులో చిల్లులున్న చోటల్లా వలతాడుతో గొడుగులు కట్టి ఉన్నాయి. ఇంట్లోవాళ్ళు కూడా తలా ఒక గొడుగు పట్టుకుని నిలబడ్డారు. ఆకులో అన్నం, సందువా పులుసు. మొదటి ముద్ద ఎత్తగానే వాన దంచింది.

"ఇంటిలోపల గొడుగు యేల?" అన్నాడు బాబు.

కాసమ్మ నవ్వుతూ ఇంకో చేపముక్క వేసింది.

చినుకు ఆయన మెడమీద పడింది. ఆయన జరిగాడు. జరిగిన చోట ధార ఉంది. మళ్ళీ జరిగితే కోడి ఉంది. కోడి జరగలేదు, ఎందుకంటే అది దాని చోటు. "పులుసు కొంచెము పలుచబడుచున్నది" అన్నాడాయన మొహమాటంగా. దాలయ్య వచ్చి ఆయన నెత్తిమీద గొడుగు పట్టాడు. ఆ గొడుగు నీళ్ళు కాసులు మీద పడ్డాయి. కాసులు గొడుగు నీళ్ళు అమ్మడి మీద పడ్డాయి. అమ్మడు నోరు తెరిచింది గానీ కాసమ్మ కళ్ళు చూసి మూసేసింది.

అప్పుడొచ్చింది గాలి. కట్టిన గొడుగులన్నీ ఒక్కసారి పొట్టలు ఉబ్బించాయి. ఇల్లు ఒకసారి నిట్టూర్చినట్టయి, కప్పు కప్పంతా గొడుగులతో సహా లేచి, అమ్మడు పెరడు కూడా దాటి సముద్రం కేసి వెళ్ళిపోయింది. దాలయ్య చేతిలో గొడుగు జారబోతే బాబు గబుక్కున పట్టుకున్నాడు. పట్టుకుని వదలడం మరిచిపోయాడు. గొడుగు ఆయన్ని గుమ్మంలోంచి లాక్కుపోయింది. ఎంగిలి చేత్తో, దిబ్బ వాలున, బూట్లు లేకుండా బ్లాకు అధికారి పరిగెడుతుంటే వెనక పేటంతా పరిగెత్తింది. చివరికి దాలయ్య ఆయన నడుం పట్టుకుని ఇసుకలో కూలేశాడు.

తారు పూయడానికి బోర్లించిన పడవ ఒకటి ఉంటే అందరూ దాని కిందికి దూరారు. కాసమ్మ పులుసు కుండ మాత్రం వదలకుండా తెచ్చింది. బాబు కళ్ళద్దాలు తుడుచుకుని, ఆకాశం కేసి వేలు చూపించాడు.

"అది... ఎగిరిపోయినది. ఇంటిమీద ఉండునది. దానిని తెలుగున ఏమందురు?"

కాసమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అందరూ దాలయ్యను చూశారు.

"కప్పు, బాబూ."

"కప్పా? టీ త్రాగునది గదా కప్పు?"

"అదీ కప్పే. ఇదీ కప్పే."

బాబు వేలు దించాడు. "ఒడియాలో అయితే... ఛాత" అన్నాడు తనలో తాను. "ఛాత. ఛతా." పెదాలు రెండుసార్లు కదిలాయి. కాసమ్మను చూశాడు. చేతిలో చువ్వలు విరిగిన గొడుగును చూశాడు. మొదట ముక్కులోంచి ఏదో చప్పుడొచ్చింది. తరవాత ఆయన నవ్విన నవ్వుకి తల పడవకి కొట్టుకుంది. అయినా ఆపలేదు. "ఇంటికొక కప్పు! చిల్లులు పడినవి!" అని పొట్ట పట్టుకున్నాడు.

"ఇల్లే బాబూ" అంది కాసమ్మ, ఇక ఆగలేక. "మొదట్నించీ మాం అడిగింది ఇల్లే."

ఢిల్లీ పద్దులో వాళ్ళ పేర్లు లేవు గనుక అక్కడినుంచి రాదని, రాష్ట్రం తన ఖజానాలోంచి తీసి ఇస్తే తప్ప దారి లేదని, అలా ఇప్పించమని తాను రాస్తానని, కానీ భువనేశ్వరంలో ఆమె వచ్చి చెప్పాలని బాబు అన్నాడు. కాసమ్మ మొదట ఒప్పుకోలేదు. దాలయ్య వెంట వస్తే వస్తానంది.

అక్కడ పెద్ద గది, పెద్ద అధికారులు. మెల్లగా మాట్లాడమని గుమ్మంలోనే హెచ్చరించారు. కాసమ్మ మెల్లగా మాట్లాడింది. ఎవరికీ వినబడలేదు. గట్టిగా అనమన్నారు. అంతే, మేడమీది గుమాస్తాలు ఏమైందోనని కిందికి దిగొచ్చారు. వాళ్ళు కూడా విన్నారు.

"పేర్లు రాసినప్పుడు మాం సంద్రం మీద ఉన్నాం బాబూ. ఇంటికాడ నేకపోతే ఇల్లు అక్కర్నేనట్టేనా? ఢిల్లీ దూరం, ఆలకి దిబ్బెనకాల ఏటుందో అవుపడదు. మీకు అవుపడతాది గదా? మీ డబ్బులు మా చేపల మీదా వస్తన్నాయి. మాలాటోల పేర్లు రాలిపోయిన ఊళ్ళు ఎన్నున్నాయో ఏరండి. ఆలకి మీరే కట్టించండి."

ఆమె ఒక్కో మాట అంటుంటే దాలయ్య పక్కనే నిలబడి తాపీగా ఒడియాలో చెప్పాడు. మొదలు సాగాల్సిన చోట మొదలే సాగింది.

మరుసటి ఏడు రాష్ట్రం అలాంటి ఊళ్ళ కోసం కొంత డబ్బు తీసింది. దిబ్బలపేటలో సగానికే సరిపోయింది. చీట్లు వేస్తే అమ్మడికి వచ్చింది, కాసమ్మకు రాలేదు. పేటంతా బాధపడింది. కాసమ్మ మాత్రం ఆ తరవాతి రెండు వర్షాకాలాలూ అమ్మడు కొత్తింటి అరుగుమీద చాప పరుచుకుని, ఆ ఇంటికి వంకలు పెడుతూ కాలం గడిపింది. గుమ్మం పొట్టి అంది. సున్నం చాల్లేదంది. అమ్మడు టీ పోసి ఇస్తూనే తిట్టేది. మళ్ళీ ఎన్నికలు దగ్గరపడ్డాక మిగతా సగానికీ డబ్బొచ్చింది.

ఇల్లు కట్టాక కాసమ్మకు తలుపుకి తాళం కావాలనిపించింది. జన్మలో తాళం వేసుకున్న ఇంట్లో ఉన్నది కాదు. బరంపురంలో బేరమాడి పెద్ద ఇత్తడి తాళం కొంది. మర్నాడు పొద్దున్నే తట్ట ఎత్తుకుని, తలుపు వేసి, తాళం బిగించి, రెండుసార్లు లాగి చూసుకుని, తాళంచెవి మొలలో దోపుకుని గర్వంగా బస్సెక్కింది.

లోపల దాలయ్య నిద్రపోతున్నాడు.

ఆయన లేచి తలుపు లాగి చూశాడు. కిటికీకి ఇనపచువ్వలు. కాసేపు ఆలోచించి, కిటికీ దగ్గర పీట వేసుకుని చుట్ట వెలిగించాడు. మధ్యాహ్నం దారిన పోతూ కాసులు చూసి గతుక్కుమన్నాడు.

"ఏట్రా, కోడలు నిన్ను లోపలెట్టి తాళమేసిందేటి?"

దాలయ్య పొగ వదిలి, గోడను అరచేత్తో చరిచి చూపించాడు.

"పొద్దుటినుంచీ సూస్తన్నాను పెదనాన్నా" అన్నాడు. "ఇల్లు గట్టిదే."